చప్పుడుకు ఇచ్చిన ధర

పాత ఫిల్మ్ కెమెరాకు ఎమ్మార్పీ ఉండదు. కొత్త ఫోనుకైతే పెట్టెమీదే ధర ఉంటుంది. నాలుగు షాపులు తిరిగినా ఐదొందలు అటూ ఇటూగా అందరూ అదే చెబుతారు. యాభై ఏళ్ల కిందటి కెమెరా సంగతి అలా కాదు. ఒకే మోడల్‌ను ఒకరు రెండు వేలకు ఇచ్చేస్తామంటారు, ఇంకొకరు పన్నెండు వేలకు పైసా తగ్గమంటారు. చూడబోతే రెండూ ఒకేలా ఉంటాయి. ఆ పదివేల తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి నేను చాలా డబ్బు వదిలించుకున్నాను. ఒకచోట నా వల్ల ఇంకొకరి డబ్బు పోయేది. రెండూ చెప్పాలి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కాలేజీ పిల్లలు చాలామంది మళ్లీ రీలు వైపు వస్తున్నారు. 2024లో రికో కంపెనీ తన పెంటాక్స్ బ్రాండు కింద 'పెంటాక్స్ 17' పేరుతో సరికొత్త ఫిల్మ్ కెమెరానే తయారుచేసి అమ్మకానికి పెట్టింది. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 500 డాలర్లు. అంత పెట్టలేనివాళ్లు పాతవాటి కోసం వెతుకుతారు. వాళ్లు కూడబెట్టుకున్న డబ్బు ఏ మలుపులో పోతుందో నాకు తెలుసు. నాదీ అక్కడే పోయింది.

మొదటి దెబ్బ యాషికా ఎలక్ట్రో 35 దగ్గర తగిలింది. ఈ జపాన్ కెమెరా మొదట 1966లో వచ్చింది. నేను కొన్నది జీఎస్ఎన్ అనే రకం, 1973 నాటిది. ముందు 45 ఎం.ఎం. లెన్స్, దాని అపర్చర్ (వెలుగును లోపలికి వదిలే కంత) ఎఫ్ 1.7 దాకా తెరుచుకుంటుంది. అపర్చర్ మనం పెడితే చాలు, ఉన్న వెలుగును బట్టి షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంచాలో లోపలి సర్క్యూటే తేల్చుకుంటుంది. 2012 నాటి 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' సినిమాలో హీరో చేతిలో ఉన్నది ఎలక్ట్రో 35యే. ఆ సినిమా చూసి దీని వెంట పడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

హైదరాబాద్‌లో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో కనిపించింది. గీత కూడా పడని వెండిరంగు బాడీ. దుకాణదారు రీలును ముందుకు జరిపే లివర్ లాగి బటన్ నొక్కాడు. ఈ కెమెరా షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు చాలా సన్నగా, మెత్తగా వస్తుంది. "విన్నరా సార్, ఎంత స్మూత్‌గ ఉందో" అన్నాడు. సెల్ వేసి చూపించమంటే, "ఆ పాత సెల్ ఇప్పుడు రాదు సార్. అడాప్టర్ పెట్టుకుంటే మస్తుగ నడుస్తది" అన్నాడు. ఏడున్నర వేలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఆయన చెప్పినదాంట్లో మొదటి మాట నిజమే. ఎలక్ట్రో 35కు వాడిన 5.6 వోల్టుల పాదరసం సెల్ తయారీ ఆగిపోయింది. రెండో మాట కూడా ఈ మోడల్ వరకు నిజమే. చిన్న అడాప్టర్‌లో ఆరు వోల్టుల సెల్ పెడితే బాగున్న ఎలక్ట్రో 35 చక్కగా నడుస్తుంది. నా చేతిలో ఉన్నది బాగున్నదా కాదా అనే సంగతి మాత్రం ఆ రెండు మాటల్లోనూ లేదు. అది నేను అడగనూ లేదు. ఇంటికొచ్చి అడాప్టర్ తెప్పించి సెల్ వేశాను. కెమెరా వెనక ఒక చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కితే పైన రీలు లెక్క చూపించే గడిలో పచ్చదీపం వెలగాలి. వెలగలేదు. పాత బల్బు మాడిపోయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వస్తువు మీద అనుమానం పడటానికి మనసు ఒప్పుకోదు. ఆ మొండితనానికి కూడా నేనే డబ్బు కట్టాను.

రీలు వేసుకుని లాల్‌దర్వాజ బోనాలకు వెళ్లాను. కడిగించాక ల్యాబ్‌లో నెగటివ్‌ను దీపపు పెట్టెమీద పరిచినప్పుడు కథంతా ఆ పట్టీమీదే కనిపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో బోనం ఎత్తుకున్న ఆడవాళ్లను తీసిన ఫ్రేములు దిట్టంగా, వివరంగా వచ్చాయి. గుడి నీడలో తీసినవి పలచబడ్డాయి. పొద్దుగూకాక ఫలహారం బండి ఊరేగింపులో దీపాల వెలుగుకు తీసిన చోట ఏమీ లేదు, ఉత్త నారింజరంగు పట్టీ. ఎందుకిలా జరిగిందో తర్వాత తెలిసింది. కరెంటు అందకపోయినా ఎలక్ట్రో 35 బటన్ నొక్కితే షట్టర్ పడుతుంది. కాకపోతే ఒకే ఒక్క వేగంతో, సెకనులో 500వ వంతుతో పడుతుంది. ఐఎస్ఓ 200 ఫిల్ముకు మధ్యాహ్నపు ఎండలో ఎఫ్ 8 దగ్గర ఆ వేగం సరిపోతుంది. అందుకే పగటి ఫొటోలు వచ్చాయి, రాత్రివి రాలేదు. దుకాణంలో నేను విన్న మెత్తటి చప్పుడు కెమెరా బాగుందనడానికి సాక్ష్యమే కాదు. సర్క్యూట్ మొత్తం చచ్చిపోయిన కెమెరా కూడా అదే చప్పుడు చేస్తుంది.

కోఠీలో పాత కెమెరాలు బాగుచేసే మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. అడుగున సెల్ గది మూత విప్పి భూతద్దంలోంచి చూశాడు. లోపల పచ్చటి చిలుము. ఎప్పుడో మరిచిపోయిన సెల్ లోపలే కారి, కింది రేకునూ దానికి అతికిన వైరునూ తినేసింది. పై మూత తీసి ఇంకో జబ్బు చూపించాడు. ఈ కెమెరాల్లో ఒక చిన్న రబ్బరు మెత్త ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది పొడిపొడిగా రాలిపోతుంది. అది పోతే లోపలి మీట సరిగ్గా తన చోటికి రాదు, షట్టర్ వేగం గతి తప్పుతుంది. బాగున్న ఎలక్ట్రో 35లో లివర్ లాగేటప్పుడు చివర్లో 'టక్' మని ఒక చిన్న దెబ్బ వినిపిస్తుంది. అది వినిపించకపోతే ఈ మెత్త పోయిందని అనుమానించాలి. నేను వినాల్సిన చప్పుడు అది. విన్నది వేరే.

"చప్పుడు ఇని కొన్నరా సార్, ఫొటో జూసి కొన్నరా?" అన్నాడాయన. ఎగతాళిగా కాదు, రోగిని లక్షణాలు అడిగినట్టే అడిగాడు. పాత కెమెరాకు ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు నాకు దొరికిన అసలైన జవాబు ఆ మాటలోనే ఉంది. పాడిగేదెను కొనేవాడు కొమ్ములు, నిగనిగలు చూసి డబ్బు తీయడు. తన కళ్లముందు పాలు పిండి చూపించమంటాడు. కెమెరాకు పాలంటే ఫొటోనే. ఆ కెమెరాతో ఈమధ్య తీసిన ఫొటో గానీ, అది తీయగలదని నిలబడి రుజువు చేసుకున్న పరీక్ష గానీ లేకపోతే, ఆ కెమెరాను చెడిపోయిందనే లెక్కలోనే కొనాలి.

బాగుచేయించడానికి మూడున్నర వేలు అయ్యాయి. మొత్తం కలిపితే పదకొండు వేలు. సర్వీసింగ్ చేయించి, ఒక రీలు తీసి చూపించి, కొన్నాళ్లు పూచీ ఇచ్చి అమ్మే అదే కెమెరా అప్పట్లో తొమ్మిది వేలకు దొరికేది. ఆ దెబ్బతో కాగితం మీద లెక్క వేయడం నేర్చుకున్నాను. బాగున్న కెమెరా ధర తొమ్మిది వేలు. పరీక్షించనిదైతే అందులోంచి సర్వీసింగుకు 2,500 తీసేయాలి. వెలుతురు చొరబడకుండా వెనక తలుపు సందుల్లో ఉండే ఫోము మార్చడానికి 500, సెల్ అడాప్టరుకు 600, పరీక్ష రీలుకూ దాన్ని కడిగించి స్కాన్ చేయించడానికీ 1,400. మిగిలింది నాలుగు వేలు. అసలు బాగుపడకపోతే ఆ డబ్బూ నీళ్లపాలే కాబట్టి ఆ భయానికి ఇంకో వెయ్యి తగ్గించాలి. అంటే ఆ రోజు ఆ దుకాణంలో నేను ఇవ్వాల్సింది మూడు వేలు. ధరలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి మారదు. పై మెట్టు నుంచి కిందికి దిగుతూ రావాలి. అడిగిన ధరలో ఎంత తగ్గిస్తారా అని చూస్తే ఎప్పుడూ ఎక్కువే ఇస్తాం, ఎందుకంటే ఆ అంకె వేసింది అమ్మేవాడు.

నష్టమంతా ఎలక్ట్రానిక్స్ వల్లేనని తీర్మానించుకుని తర్వాత పెంటాక్స్ కె1000 కొన్నాను. 1976 నుంచి 1997 దాకా తయారైన కెమెరా అది, ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు తరాల తరబడి మొదటి కెమెరా. షట్టర్ పూర్తిగా యంత్రమే. సెల్ కావాల్సింది లైట్ మీటరుకు మాత్రమే, సెల్ లేకపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. కాకినాడలో ఒక పెద్దాయన తోలు కేసులో భద్రంగా దాచుకున్నది ఆరు వేలకు ఇచ్చాడు. ఈసారి జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. వేగాలన్నీ మార్చి చూశాను, మీటరు ముల్లు కదిలింది. లెన్స్‌ను మాత్రం ముందువైపు నుంచి చూసి తళతళలాడుతోందని వదిలేశాను.

ఆ కెమెరాతో ఎండ వెన్నువైపు ఉంచుకుని తీసినవి బాగానే వచ్చాయి. ఎదురెండలో తీసిన ప్రతి ఫొటో తెల్లబారిపోయింది, నలుపు నలుపుగా లేదు. మెకానిక్ లెన్స్ విప్పి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకవైపు నుంచి టార్చి ఏటవాలుగా వేసి నన్ను ముందువైపు నుంచి చూడమన్నాడు. లోపలి అద్దం అంచు నుంచి మధ్యకు సన్నటి పోగులు అల్లిబిల్లిగా పాకి ఉన్నాయి. ఫంగస్. "బూజు తుడిస్తే పోతది సార్. అది తిన్న అద్దం ఏడికెళ్లి తేవాలె?" అన్నాడు. తుడిచాడు. పోగులు పోయాయి, వాటి చారలు మిగిలాయి. ఫంగస్ అద్దం మీది పూతను తినేస్తే దాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. వేరే లెన్స్ కొనుక్కోవాల్సి వచ్చింది.

ఆ పెద్దాయన అబద్ధం చెప్పలేదు. కెమెరాను ఎంతో ప్రేమగా చూసుకున్నాడు. ఆ ప్రేమే దాన్ని పాడుచేసింది. సముద్రం పక్కనున్న ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. తోలు ఆ తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. బీరువాలో, చీకట్లో, తోలు కేసులో ఏళ్ల తరబడి బిగించిన లెన్స్‌కు ఫంగస్ పట్టకపోతేనే ఆశ్చర్యం. కెమెరాను కేసులోంచి బయటికి తీసి, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి. అప్పుడప్పుడూ వెలుతురు చూపించాలి. కొనేటప్పుడు తోలు కేసు బాగుందంటే మురిసిపోకుండా లెన్స్‌ను ఇంకాస్త ఎక్కువసేపు చూడాలి. బాడీకి ఒక ధర, లెన్స్‌కు ఒక ధర విడివిడిగా వేయాలని నాకు అక్కడే తెలిసింది. ఆ ఆరు వేలలో సగం నేను లెన్స్‌కు ఇచ్చాను, ఆ లెన్స్‌కు విలువే లేదు.

దీనికి సరిగ్గా తిరగబడ్డ తప్పు వరంగల్‌లో చేశాను. పెళ్లిళ్లకు ఫొటోలు తీసి మానేసిన ఒకాయన నికాన్ ఎఫ్ఎం2 అమ్ముతానన్నాడు. 1982లో వచ్చిన ఈ కెమెరా షట్టర్ సెకనులో 4,000వ వంతు దాకా వెళ్తుంది, అదీ సెల్ అవసరం లేకుండా. చూడటానికి మాత్రం దీనంగా ఉంది. అంచుల్లో నల్లరంగు లేచిపోయింది. వ్యూఫైండర్ నిండా దుమ్ము. వెనక తలుపు తీస్తే ఫోము కరిగి నల్లటి జిగురులా వేళ్లకు అంటుకుంది. ఆయన పద్నాలుగు వేలు అడిగాడు. నేను పన్నెండు దగ్గర బిగుసుకుని కూర్చున్నాను. చివరికి ఇంకొకరు ఆయన అడిగినంతా ఇచ్చి పట్టుకెళ్లారు. ఆ కెమెరాలో నేను చూసిన లోపాలన్నీ కలిపి వెయ్యి రూపాయల్లో తీరిపోయేవి. షట్టర్, లెన్స్ రెండూ పువ్వుల్లా ఉన్నాయి. రోజూ వాడిన కెమెరా కాబట్టి లోపల ఏదీ బిగుసుకుపోలేదు.

ధర నిర్ణయించడమంటే సగం పని ఇదే. ఏ లోపానికి ఎంత ఖర్చవుతుందో తెలియాలి. కంటికి వికారంగా కనిపించేవి చాలావరకు చౌకలో పోతాయి: కరిగిన ఫోము, ఊడిన తోలు అతుకు, వ్యూఫైండర్‌లో దుమ్ము, చిన్న సొట్ట. పనిచేయని లైట్ మీటరు కూడా మెకానికల్ కెమెరాలో పెద్ద లోపం కాదు, చేతిలో ఉన్న ఫోనే మీటరు పని చేసిపెడుతుంది. కంటికి కనిపించనివే ఖరీదైనవి: ఫంగస్ తిన్న లెన్స్, బట్ట షట్టర్ తెరలో సూదిబెజ్జాలు, గతి తప్పిన నెమ్మది వేగాలు, చచ్చిన సర్క్యూట్. కాంటాక్స్ టీ2 లాంటి పూర్తి ఎలక్ట్రానిక్ చిన్న కెమెరాలు ప్రముఖుల చేతుల్లో కనిపించి ధరలు ఆకాశానికి వెళ్లాయి. వాటి సర్క్యూట్ పోతే విడిభాగాలు దొరకడం కష్టం. అంత ధర పెట్టి కొన్న కెమెరా ఒక ఉదయం లేవకపోతే చేయగలిగింది ఏమీ ఉండదు.

షట్టర్‌ను పరీక్షించడం కూడా మెకానికే చూపించాడు. దానికి మన ఫోను చాలు. రీలు లేకుండా వెనక తలుపు తెరిచి, కెమెరాను బాగా వెలుతురున్న తెల్లగోడ వైపు పెట్టి, ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీయాలి. షట్టర్‌ను ఒక సెకను మీద పెడితే వీడియోలో అది దాదాపు 240 ఫ్రేములు తెరిచి ఉండాలి. సెకనులో నాలుగో వంతుకు 60, ముప్పయ్యో వంతుకు ఎనిమిది. ఒక సెకను మీద పెట్టిన షట్టర్ తెరుచుకుని మూసుకోకుండా ఉండిపోతే, లేదా రెండు సెకన్లు తీసుకుంటే, లోపల నూనె గట్టిపడిందని అర్థం. చాలా కెమెరాల్లో మొదట జబ్బుపడేవి ఈ నెమ్మది వేగాలే. అమ్మేవాళ్లు చూపించేది మాత్రం ఎప్పుడూ 125వ వంతో, 500వ వంతో. అవి వినడానికి చురుగ్గా ఉంటాయి. వేగాలు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త: జోర్కీ, ఫెడ్ లాంటి సోవియట్ కెమెరాల్లో ముందు షట్టర్ ఎక్కించి, ఆ తర్వాతే వేగం మార్చాలి. ఎక్కించకముందు మారిస్తే లోపలి యంత్రం దెబ్బతినవచ్చు. ఇవే సోవియట్ కెమెరాల మీద లైకా పేరు చెక్కి అమ్మడం ప్రపంచమంతా పాత సంగతే. బంగారు రంగులో మెరిసే లైకా తక్కువకు దొరుకుతోందంటే దానికి దూరంగా ఉండటమే మేలు.

ఇంటర్నెట్‌లో కనిపించే ధరలు చూసి ఎక్కువ ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అక్కడ ఒక మోడల్ ముప్పై వేలకు పెట్టి ఉందంటే, ఎవరో ముప్పై వేలు అడుగుతున్నారని మాత్రమే. ఎవరూ కొనక ఏడాదిగా అక్కడే ఉండి ఉండవచ్చు. చూడాల్సింది అమ్ముడుపోయిన ధర. జపాన్ నుంచి తెప్పించుకుంటే చౌక అనిపించినప్పుడు కొరియర్ ఖర్చూ కస్టమ్స్ సుంకమూ కలిపి చూడాలి. బాగాలేకపోతే తిరిగి పంపడం ఎంత కష్టమో కూడా ఆలోచించాలి.

విలువ కంటే ఎక్కువ ఇచ్చి కూడా నేను బాధపడని కెమెరా ఒకటుంది. అగ్ఫా క్లిక్ 3. బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన డబ్బా కెమెరా అది, 120 ఫిల్ముకు పన్నెండు చదరపు ఫొటోలు వస్తాయి. నా చిన్నప్పటి ఫొటోలు మా నాన్న అలాంటిదానితోనే తీశాడు. ఆ ఎక్కువ డబ్బు కెమెరాకు కాదు, నా ముచ్చటకు ఇస్తున్నానని ఇచ్చేటప్పుడే నాకు తెలుసు. ముచ్చటకు డబ్బు పెట్టడం తప్పు కాదు. దాన్ని కెమెరా విలువలో కలిపేసి, రేపు ఎవరైనా అంత ఇస్తారని లెక్కవేయడమే తప్పు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నేను నష్టపోయిన సంగతులు. తెనాలిలో జరిగింది వేరు.

అక్కడ మూతపడిన ఒక స్టూడియో తాలూకు యాషికా మ్యాట్ 124జీ ఉందని తెలిసి వెళ్లాను. 1970 నుంచి 1986 దాకా తయారైన రెండు లెన్సుల కెమెరా ఇది, మన స్టూడియోలకూ పెళ్లి ఫొటోగ్రాఫర్లకూ చాలాకాలం అన్నంపెట్టింది. స్టూడియో ఆయన పోయి కొన్నేళ్లయింది. ఆయన భార్య బీరువాలోంచి తీసిచ్చారు. నేను కిటికీ దగ్గర కూర్చుని పైమూత తెరిచాను. పాలద్దం మీద వీధి కుడి ఎడమలు తారుమారై స్పష్టంగా కనిపించింది. టార్చి వేశాను, రెండు లెన్సుల్లోనూ ఒక్క పోగు లేదు. కెమెరాను దాచిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు ఇంకా ఉన్నాయి. ఒక సెకను దగ్గర్నుంచి 500వ వంతు దాకా షట్టర్ తడబడకుండా పడింది. ఇరవై వేలు పలికే కెమెరా అని నాకు అప్పటికే తెలిసిపోయింది. అన్ని పరీక్షలూ నేర్చుకున్నాను కదా.

"ఎంతకిస్తారమ్మా?" అన్నాను.

"ఆయన పోయిందగ్గర్నుంచీ అది అట్టాగే ఉంది బాబూ. మాకెవరికీ దాని సంగతి తెలీదు. మీకు తోచింది ఇవ్వండి" అన్నారామె.

నాకు తోచింది ఇరవై వేలు. నోటితో చెప్పింది మూడు వేలు. ఆమె సరేనన్నారు. లోపలికి వెళ్లి కాఫీ కూడా తెచ్చిచ్చారు.

ఆ కెమెరాతో తీసిన మొదటి రీలు చూశాక నాకు సంతోషం కలగలేదు. ఫొటోలు అంత బాగున్నాయి కాబట్టే కలగలేదు. ఆయన ఎంత జాగ్రత్తగా చూసుకున్నాడో ప్రతి ఫ్రేములో తెలుస్తోంది. ఆ జాగ్రత్తకు దక్కాల్సిన డబ్బు ఆయన ఇంటికి చేరలేదు, నా జేబులో ఉండిపోయింది. ఆమెకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిగతా పదిహేడు వేలు పంపుతానన్నాను. ఆమె నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. "ఆ రోజే చెప్పొచ్చుగా బాబూ" అన్నారు. డబ్బు పంపాను, తీసుకున్నారు. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాద్ దుకాణదారు మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. సెల్ వేసి చూడని సంగతి తనకు తెలిసి కూడా చెప్పలేదని. తెనాలిలో నేను చేసింది అంతకంటే పెద్దది. ఆయనకు కెమెరా బాగుందో లేదో తెలియదు, పరీక్షించలేదన్నది మాత్రమే తెలుసు. నాకు అంతా తెలుసు. పాత వస్తువు బేరంలో డబ్బు ఎప్పుడూ తెలియనివాడి చేతిలోంచి తెలిసినవాడి చేతిలోకి పోతుంది. మొదట తెలియనివాణ్ణి నేను. తెలిసినవాణ్ణయ్యాక నేను కూడా అదే చేశాను. పరీక్షలు నేర్చుకోవడం నన్ను మోసపోకుండా కాపాడింది, మోసం చేయకుండా ఆపలేకపోయింది. అది వేరే నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. వెళ్లేటప్పుడు కొత్త సెల్, అడాప్టర్, చిన్న టార్చి, ఫోను తీసుకెళ్తాను. అమ్మేవాళ్ల ముందే పరీక్షిస్తాను. లెన్స్‌లో ఏం కనిపించిందో, ఏ వేగం తడబడిందో వాళ్లకూ చూపిస్తాను. బాగున్న కెమెరా ఈ రోజుల్లో ఎంతకు పోతోందో చెబుతాను. అందులోంచి ఏయే ఖర్చులకు ఎంత తగ్గిస్తున్నానో కాగితం మీద రాసి చూపిస్తాను. ఆ తర్వాతే బేరం. ఇలా చేస్తే కొన్ని కెమెరాలు చేజారిపోతాయి, వాళ్లు ఎక్కువ ఇచ్చేవాళ్లను వెతుక్కుంటారు. పోనివ్వండి. ఇలా కొన్నవాటిలో ఏ ఒక్కదాన్ని చూసినా నాకు బాధ లేదు.

మీ ఇంట్లో అటకమీదో బీరువాలోనో నాన్నగారిదో తాతగారిదో కెమెరా ఉంటే, అమ్మేముందు ఒక మెకానిక్‌కు చూపించి దాని పేరూ స్థితీ తెలుసుకోండి. తోలు కేసులోంచి ఈ రోజే బయటికి తీయండి, సెల్ లోపలే ఉంటే తీసేయండి. కొనేవాళ్లయితే చప్పుడుకూ మెరుపుకూ డబ్బు ఇవ్వకండి, రుజువైన పనికే ఇవ్వండి. రుజువు లేనిదాన్ని చెడిపోయినదాని ధరకే కొనండి. అమ్మేవాళ్లకు తెలియనిది మీకు తెలిస్తే, ధర మాట్లాడకముందే అది చెప్పేయండి.